చెంబుకెన్ని వత్తులు

అక్కా,

నా రాత చూసి నవ్వకు. మూడో తరగతి దాకానే చదివానని నీకు తెలియంది కాదు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తికమకే, ఒత్తులకీ వత్తులకీ తేడా రాయడం కూడా సరిగా రాదు. పైగా ఇక్కడి కాగితం అరటినారతో చేస్తారు, కలం మొన దిగబడిపోతుంది. తప్పులుంటే నీకు తోచినట్టు దిద్దుకుని చదువుకో. బండి మళ్ళీ వచ్చేదాకా ఏ రోజు సంగతి ఆ రోజు రాసిపెడతాను. ప్రతి రోజుకీ పైన ధర వేస్తాను. ఇక్కడ ధర అంటే ఒకటే, చెంబుకి ఎన్ని వత్తులు అని.

1. ధర: ఏడు

మా అత్తగారు వజ్రమ్మ గారికి గొంతు పోయింది. కిందటేడు ఇక్కడ చలమపాలెం మీద గాలి నిలిపే కప్పు పగిలినప్పుడు ఎర్రదుమ్ము లోపలికి దిగింది కదా, అప్పుడు మింగిన దుమ్మే ఇప్పుడు పట్టుకుందన్నాడు వైద్యుడు. మాట పైకి రావడం లేదు, గాలి మాత్రం వస్తోంది.

వేరే ఇంట్లో అయితే కషాయం కాచి ఊరుకునేవాళ్ళం. కానీ ఇది ధర చాటే ఇల్లు. మొదటి ఓడ దిగినప్పటి నుంచీ మారకం అరుగు ఈ ఇంటి కోడళ్ళదే. తెల్లవారి కప్పు మీద ఎండ పడగానే ఇంటావిడ అరుగెక్కి మూడుసార్లు ధర చాటుతుంది. ఆ తర్వాతే ఊళ్ళో బేరం మొదలు. మన వెలుగుమిట్టలో ఎండకి కొదవ లేదు, నీటికే కటకట. ఇక్కడ చలమలో నీళ్ళున్నాయి, ఊరు గుంటలో ఉంది కనుక వెలుగుకే కరువు. అందుకని వీళ్ళ కాగితం మీద చెంబు బొమ్మ, మన కాగితం మీద వత్తి బొమ్మ. ఎండతో నింపిన దీపం ఒక రాత్రి వెలిగితే అది ఒక వత్తి. చెంబు కాగితం తీసుకెళ్ళి చలమ దగ్గర ఇస్తే చెంబుడు నీళ్ళు పోస్తారు. పెళ్ళికి ముందు నాకు ఇవేవీ తెలియవు. కుళాయి తిప్పితే ఎవరో ధర కట్టినట్టే అని అత్తగారు చెప్పాక తెలిసింది.

సాయంత్రం పప్పు రుబ్బుతుంటే ఆవిడ పక్కన కూర్చుని నా గడ్డం పట్టుకుని గుసగుసగా అన్నారు: "రేపట్నుంచి నువ్వే."

నీ మరిది పక్కనే కప్పు అతుకులకి జిగురు కలుపుతున్నారు. నవ్వేశారు. "నాతోటే నాలుగు మాటలాడదు. ఊరితో ఏటి మాటాడుద్దమ్మా?"

అత్తగారు జిగురు గరిట తీసి ఆయన మోకాలి మీద ఒక్కటి వేశారు.

2. ధర: ఏడు. అలా అన్నందుకే ఇదంతా

పొద్దున్నే లేచి అరుగు మీద దుమ్ము ఊడ్చి, జల్లెడ పట్టి, తడిగుడ్డ పెట్టాను. చేతులు పనిచేస్తున్నంతసేపూ ధైర్యంగానే ఉన్నాను. ఎండ పడింది. ఎక్కాను. ఎదురుగా నలభై యాభై మొహాలు. ముందు వరసలో దీపాల కింద కరివేపాకు పెంచి అమ్మే గంగాలు నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. నా కొంగు కొస నోట్లోకి పోయింది.

అత్తగారు రోజూ "చెంబుకి ఆరున్నొకటీ" అని సాగదీసి చాటేవారు. రోజూ విన్నదే. అంత పొడుగు మాట నాకు నోరు తిరగదని, చిన్న మాటతో దిగిపోదామని అనుకున్నాను. కళ్ళు మూసుకుని గబగబా అనేశాను. "చెంబుకి ఏడు. ఏడు. ఏడు."

 కళ్ళు తెరిచాను. అందరూ నన్నే చూస్తున్నారు.

"ఎవర్నే ఏడమంటన్నావు?" అంది గంగాలు. "పొద్దుగాల్నే అరుగెక్కి, ముమ్మారు?"

అప్పుడు అర్థమైంది అక్కా. వీళ్ళు అరుగు మీద ఆ అంకె ఎప్పుడూ పలకరట. కొలిచేటప్పుడు కూడా మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అంటూ పోయి, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది. ఏడు అంటే ఏడవమని శపించినట్టు. మన ఇంట్లో పాలు కొలిచేటప్పుడు అమ్మమ్మ కూడా ఇలాగే అనేదని నాకు లీలగా గుర్తుంది. మనమే మరిచిపోయాం.

"మిట్టపిల్లకి ఏటి తెలుస్తాదిలే" అన్నాడు వెనకనుంచి ఒకడు.

"తెలిసే అంది" అన్నాడు ఇంకొకడు. "ధర చాటే ఇంట్లో ముందే ఏదో తెలిసుంటాది. చెంబు పడిపోతాదేమో."

మధ్యాహ్నానికి అరుగు ముందు వరస కట్టారు. చెంబు కాగితాలు ఇచ్చి వత్తి కాగితాలు పట్టుకుపోతున్నారు. వత్తి దొరకనివాళ్ళు బిందెలతో చలమ వైపు పరుగెత్తారు. నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాను, కళ్ళ నీళ్ళు ఎందుకని ఎవరూ అడగకుండా.

3. ధర: ఆరున్నొకటి

ఈ రోజు సరిగానే చాటాను. లాభం లేకపోయింది. నిన్న ఒక మాటతో పుట్టిన భయం ఈ రోజు రెండో మాటతో పోతుందా?

అరుగు వెనక గోడ మీద సున్నపు గీతలున్నాయి, పాలవాడి లెక్కలా. ఏడాదికో వరస. అత్తగారు నా చెయ్యి పట్టుకుని ఒక్కో వరసా తడిమిస్తూ, చెవిలో గుసగుసలాడుతూ చెప్పారు. మొదటి వరసల్లో ఒక్కటే గీత. ఓడ దిగిన కొత్తలో చెంబుకి వత్తి, వత్తికి చెంబు, అందరూ బంధువులే. ఆ తర్వాత ఒక వరసలో సగం గీత. అది దుమ్ము కమ్మిన ఏడాది. ఎండ లేదు, మిట్టలో దీపాలు నిండలేదు, వత్తి బంగారమైంది, రెండు చెంబులు పోస్తేగాని ఒక వత్తి రాలేదు. మరో చోట గీతలే గీతలు, పన్నెండు. అప్పుడు పాత చలమ అడుగు పగిలి నీళ్ళు ఇంకిపోయాయి. చుక్క నీటికి మిట్టవాళ్ళు దీపాలు మోసుకొచ్చి ఇచ్చారట. ఆ మీదట ధర రోజుకో తీరుగా ఎగిరి, తగవులై, ఒకరి బండ్లు ఒకరు ఆపుకుని, చివరికి ఇరుపక్షాల పెద్దలూ ఒడంబడిక రాసుకున్నారు. అప్పటినుంచి పద్నాలుగు వరసలు, అన్నీ ఒక్కలాగే. ఆరూ, ఒకటీ.

"ఒడంబడిక ముందు ధర ఎవరు కట్టేవారు అత్తయ్యా?" అని అడిగాను.

"చలమ కట్టేది" అన్నారు. "పొద్దున్నే కొలకర్ర దించేదాన్ని. ఎంత తడిస్తే అంత. ఊళ్ళో కాగితాలెన్నో అడిగి, అప్పుడు సాటేదాన్ని. ఒడంబడికయ్యాక కర్రతో పనేటన్నారు."

కర్ర ఇంకా అటక మీదే ఉంది. బూజు దులిపి నేనే దించాను.

ఊరిపెద్ద తాతబాబు గారు పొద్దుగూకేలోపు వచ్చారు. నెమ్మదైన మనిషి. మజ్జిగ ఇస్తే వద్దనకుండా తాగారు. "ఒదినా, కోడలు కొత్తది, తప్పేం లేదు. రేపటి నుంచి మా మేనకోడలు చాటుద్ది. దానికి గొంతుంది. నాలుగు రోజులు గట్టిగా ఆరున్నొకటి అంటే ఊరు సర్దుకుంటుంది."

అత్తగారు కొలకర్ర తెచ్చి ఆయన ముందు నిలబెట్టారు.

ఆయన దాన్ని చేత్తో పక్కకి జరిపి, "ఒద్దొదినా" అన్నారు.

 అరుగు ఈ ఇంటి నుంచి పోతుందా, నా ఒక్క మాటకి? ఇంతమంది కోడళ్ళు ఎక్కిన అరుగు నా దగ్గర ఆగిపోతుందా? అన్నం సహించలేదు. నీ మరిది ముద్దలు కలిపి పెట్టారు. ఆ మాట ఎవరికీ చెప్పకు.

4. ధర: ఆరున్నొకటి

మేనకోడలి సంగతి తేలేదాకా నన్నే చాటమన్నారు, చాటాను. తర్వాత అత్తగారూ, నేనూ, తాతబాబు గారూ చలమ దగ్గరికి వెళ్ళాం. అత్తగారు ఆయన ఇంటి గుమ్మంలో పొద్దున్నుంచీ కదలకుండా కూర్చుంటే ఆయన రాక తప్పలేదు. మూత తీసి కర్ర నా చేతికిచ్చారు. దించాను. చల్లని ఆవిరి మొహానికి కొట్టింది. పైకి లాగితే కర్ర పాత గుర్తు దాకా తడిసింది, అంతకు మించి తడవలేదు.

"ఎన్ని కాగితాలు అచ్చేసారు బాబూ?" అత్తగారు గుసగుసగా అడిగారు.

ఆయన అంకె చెప్పారు. అత్తగారు నేల మీద సున్నంతో గీతలు గీసి లెక్క చూపించారు. ఐదు చెంబుల నీళ్ళకి ఏడు చెంబుల కాగితాలున్నాయి ఊళ్ళో.

"నీళ్ళు తక్కువైతే చెంబు ప్రియం కావాలి కదా, పన్నెండు గీతల నాటిలా?" అన్నాను. నాకు నిజంగా అర్థం కాలేదు.

"నీళ్ళు తగ్గలేదే" అన్నారు అత్తగారు. "కాగితం పెరిగింది. నీళ్ళ చెంబుకి ఈనాటికీ ఆరున్నొకటే. కాగితం చెంబుకి మాత్రం ఐదు."

తాతబాబు గారు చలమ గట్టు మీద కూలబడ్డారు. "కప్పు పగిలినప్పుడు ఏం చెయ్యమంటావొదినా? ఊరంతా ఊపిరాడక సచ్చేవాళ్ళం. పగలూ రాత్రీ అతుకులేసినోళ్ళకి కూలివ్వాలా లేదా? పెట్లో లేదు. అచ్చేశాను. నీళ్ళు పెరిగాక సరిపోద్దనుకున్నాను. నా ఇంటికి ఒక్క కాగితం పట్టుకెళ్ళలేదు."

అది నిజమే. ఆయన చెప్పులు చూస్తే తెలుస్తుంది.

"మరైతే ఐదని సాటాలి" అన్నారు అత్తగారు.

"ఐదా? మిట్టపిల్ల నోటితోనా? పుట్టింటికి దోచిపెట్టిందంటారు. అరుగు మీంచి లాగేస్తారు."

"ఆరున్నొకటి అంటే ముందొచ్చినోడికి నిండు చెంబు. ఆఖరోడికి ఉత్త చెంబు" అన్నారు అత్తగారు. ఒక్కో మాటకీ ఊపిరి అందక ఆగుతున్నారు. "ఐదంటే అందరికీ ఒకటే వెలితి. ఒడంబడిక నువ్వు రాసుకున్నావు. అరుగు నాది. మా అరుగు మీద అబద్ధం ఎవరూ సాటలేదు. నీ మేనకోడల్నే సాటమను, కానీ ఐదనే సాటమను."

ఆయన చలమ మూత మళ్ళీ వేస్తూ, "అది ఐదని చాటదు. దానికి పెళ్ళి చెయ్యాలి నేను" అన్నారు.

అత్తగారు నా వైపు చూశారు. నేను తల ఊపాను. ఎందుకు ఊపానో నాకే తెలీదు.

మధ్యాహ్నం మన ఊరి బండి బయలుదేరింది. తోలేవాడు గుమ్మం ముందు ఆగి, "మీ అక్కకి ఏమైనా చెప్పాలా?" అని అడిగాడు. నా పెళ్ళిలో, తల్లిలేని నన్ను పెంచినందుకు, అత్తగారు నీ ఒళ్ళో పెట్టిన నూరు చెంబుల కాగితాలు కళ్ళ ముందు కదిలాయి. సొంత గాజు కొలిమి పెట్టుకోవాలని దాచుకున్నావు. ఆ ఒక్క మాట చెబితే, రేపు పొద్దుటికల్లా ఆరున్నొకటి లెక్కన మార్చేసుకునేదానివి. నోటిదాకా వచ్చింది. కానీ ధర అరుగు మీద పలికేదాకా ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకూడదని ఈ ఇంటి కట్టు. నీ మరిదికే చెప్పలేదు. నేను నీకు చెబితే, నువ్వు ఇంకొకరికి చెబితే, చివరికి ఉత్త చెంబు ఎవరికి మిగులుతుంది?

"కులాసా అని చెప్పు" అన్నాను. ఈ ఉత్తరం కూడా ఇవ్వలేదు.

బండి వెళ్ళిపోయింది.

5. ధర: ఐదు

అరుగు ముందు ఊరంతా ఉంది. బిందెలు, చెంబులు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు. అత్తగారు నాతోపాటు అరుగెక్కి నా వెనక నిలబడ్డారు. ఆవిడ అరచెయ్యి నా వీపు మీద ఉంది.

కళ్ళు మూసుకోలేదక్కా. కొంగు నోట్లో పెట్టుకోలేదు.

"చెంబుకీ ఐదూ. చెంబుకీ ఐదూ. చెంబుకీ ఐదూ." సాగదీసి చాటాను, ఆవిడ చాటినట్టే. ఇంత గొంతు నాలో ఉందని నాకు తెలీదు. అవతలి గోడకి తగిలి వెనక్కి వచ్చింది.

ఒక్కసారిగా గోల.

"సూసారా, మిట్టపిల్ల! పుట్టింటికి పెట్టేసింది!"

"దింపండి దాన్ని!"

"ఎంతిచ్చారే మీవాళ్ళు?"

 వీపు మీది చెయ్యి కదల్లేదు. తాతబాబు గారు ముందుకొచ్చి చలమ మూత తీయించారు. "నేను చెప్తే నమ్మరు. మీలో ఎవరన్నా కర్ర దించి చూసుకోండి" అన్నారు. కప్పు కోసం ఎన్ని కాగితాలు అచ్చేశారో కూడా అందరి ముందూ ఆయనే చెప్పారు. తల దించుకోకుండా చెప్పారు.

ఎవరూ కదల్లేదు. చివరికి గంగాలే కొంగు బిగించి వచ్చింది. కర్ర దించింది, లాగింది. తడిసిన మేర జానలతో కొలిచింది. "లాభం, రెండు, మూడు..." ఊరంతా ఆమెతో పాటు లెక్కపెట్టింది. ఆమె ఆగిన చోట అందరూ ఆగిపోయారు.

గంగాలు కర్ర పట్టుకుని నా వైపు తిరిగింది. "సరే, నీళ్ళు ఇంతే. ఒప్పుకున్నాను. మరి ఆరున్నొకట్లో ఐదు పోగా మిగతా రెండూ ఏవే? ఎవరు తిన్నారు?"

జవాబు చెప్పాల్సింది ఎవరో నాకు తెలీదు.  అత్తగారికి గొంతే లేదు. నేను సిగ్గుతో ఎటు చూడాలో తెలియక, పైకి చూశాను. అక్కడ కప్పు మీద, ఎంతో ఎత్తున, తాడుకి వేలాడుతూ ఒక చిన్న దీపం కదులుతోంది. నీ మరిది. పొద్దున్నే పనికెక్కారు. ఆయన చుట్టూ కిందటేడు వేసిన అతుకులు, ఒకదాని పక్కన ఒకటి, ఎండకి మెరుస్తున్నాయి.

"రెండూ పైనున్నాయి" అన్నాను.

మెల్లిగా అన్నాననుకున్నాను. అందరికీ వినబడింది.

"ఎవరూ తినలేదు గంగాలు పిన్నీ. పైకి చూడు. కప్పై ఉన్నాయి. మనం పీలుస్తున్నాం."

ఊరంతా తల ఎత్తింది. చంకలో పిల్లలు కూడా ఎత్తారు. పైన ఉన్నాయనకి ఇదేమీ తెలియదు. కింద అందరూ తననే చూస్తున్నారని చూసుకుని, మంచివాడు, చెయ్యి ఊపారు.

ముందు ఎవరో ముసలాయన నవ్వాడు. తర్వాత ఇంకొకరు. కప్పు పని చేసినవాళ్ళు గుంపులో చాలామందే ఉన్నారు, ఒకళ్ళ భుజం ఒకళ్ళు తట్టుకున్నారు. ఒకడు తన అతుకు ఏదో వేలు పెట్టి కూతురికి చూపిస్తున్నాడు.

గంగాలు మాత్రం నవ్వలేదు. కర్రని కొంగుతో తుడిచి అత్తగారి చేతికిచ్చింది. "అయితే నా ఐదు నాకియ్యి" అని అరుగు మీద ఒక చెంబు కాగితం పెట్టింది. ఐదు వత్తులు లెక్కపెట్టి ఇచ్చాను. తీసుకుని, మళ్ళీ వెనక్కి తోసింది. "ఒద్దులే. చెంబే ఉంచుకుంటాను. వత్తులు తిని బతుకుతానా."

సాయంత్రానికి వరస కరిగిపోయింది. ఊళ్ళో ఎవరూ ఏడవలేదు. బిందెల్లో పట్టుకెళ్ళిన నీళ్ళు దాచే చోటు లేక కొందరు చలమలోనే తెచ్చి పోసి, కాగితాలు వెనక్కి తీసుకున్నారు.

రాత్రి నీ మరిది దిగొచ్చి, "ఏటి, ఇయ్యాళ ఊరంతా నన్నే సూసింది?" అని అడిగారు. చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయారు. "నేను రెండు వత్తులా?" అన్నారు. తర్వాత చాలాసేపు తనలో తనే నవ్వుకున్నారు.

6. ధర: ఐదు

ఈ రోజు గోడ మీద కొత్త వరస మొదలుపెట్టాం. అత్తగారు సున్నం గిన్నె పట్టుకున్నారు. ఐదు గీతలూ నేనే గీశాను. నా అక్షరాలు వంకరే గానీ గీత తిన్నగా వస్తుందక్కా. ఆ గోడ మీద మిట్టలో పుట్టినదాని చెయ్యి పడటం ఇదే మొదలు. రేపు ఏ కోడలో తడిమి చూసి, ఇది కప్పు వల్ల ధర తగ్గిన ఏడాది అని చెప్పుకుంటుంది. 

గంగాలు దారిలో కనిపించి కరివేపాకు రెబ్బ చేతిలో పెట్టింది. "డబ్బులొద్దు. నిన్నటి నీ కేక మా వీధి చివరికి వినపడ్డాది. మీ అత్త గొంతు కూడా అంతదూరం రాలేదు" అంది. ఇంటికొచ్చి అత్తగారికి చెబితే, ఆవిడ గొంతు సవరించుకుని, ఇన్నాళ్ళకి మొదటిసారి పైకి వినబడేలా, "దాని మొహం" అన్నారు. మాట బాగా బొంగురుగా వచ్చింది. కానీ వచ్చింది. అయినా రేపు కూడా నన్నే ఎక్కమన్నారు.

నీకు రెండు వందల వత్తులు తరిగిపోయాయి. నేను ముందే చెప్పగలిగీ చెప్పలేదు. కోపం వస్తే పడు, కానీ సిగ్గుపడకు. నీ చెల్లెలు ధర దాచినది నీ ఒక్కదాని దగ్గర కాదు. ఇంకో సంగతి. నీటి కోసం నేల కింది మంచుగడ్డ వైపు కొత్త గొట్టం దించుతున్నారు. చలమ పెరిగితే గీత పెరుగుతుంది. పెరగకపోతే, అదీ నేనే చాటుతాను.

ఇలా నన్ను నేనే పొగుడుకుంటున్నట్టుంది, ఇంకెవరైనా చూస్తే నేను తలెత్తుకోలేను. పైగా ధర చాటే ఇంటి లోపలి మాట కాగితం మీద ఉండకూడదు, గోడ మీదా గొంతులోనూ మాత్రమే ఉండాలి. గాలి తినేస్తుందని ఇక్కడ నిప్పు రాజెయ్యనివ్వరు, లేకపోతే నీకు పంపకుండానే నేనే కాల్చేసేదాన్ని. నువ్వు గాజు కొలిమి దగ్గరే ఉంటావు కదా, చదవగానే ఇది అందులో వేసెయ్యి. మా బావకి కూడా చూపించకు.

ఆ చెంబుల కాగితాలు మాత్రం వెయ్యకు. అవి దాచుకో. వాటి వెనక నీళ్ళున్నాయి, కర్ర దించి నేనే చూశాను.

నీ చెల్లెలు
పైడి